మీ ప్రశ్న – మా జవాబు: గాలి గొట్టంలో సిగ్నల్

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో గాలి పీడనానికి సంబంధించినవే ఎక్కువగా ఉన్నాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్న పారిశ్రామికవాడలలో ఈనాటికీ ఎన్నో వాల్వులను కదిలించేది గాలే కనుక ఇందులో వింతేమీ లేదు. మొదటి ఉత్తరానికి జవాబు కొంచెం పెద్దదైంది. తరువాతి వాటిలో చాలా భాగం దాని మీద ఆధారపడి ఉన్నందున అలా రాయక తప్పలేదు.

ప్రశ్న: నేను జీడిమెట్లలోని ఒక కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ను. మా బాయిలర్ డ్రమ్ములో నీటి మట్టాన్ని అదుపు చేసే పాత న్యూమాటిక్ (గాలి పీడనంతో పనిచేసే) కంట్రోలర్ ఇంతకుముందు ఫీడ్ వాటర్ వాల్వుకు 40 మీటర్ల దూరంలో ఉండేది. కంట్రోల్ రూమును కొత్త భవనంలోకి మార్చాక ఆ దూరం 150 మీటర్లయింది. ట్యూబింగ్ మాత్రం పాతదే, బయటి కొలత 6 మిల్లీమీటర్లు, లోపలి కొలత 4. అప్పటినుంచి మట్టం ఒకచోట నిలవడం లేదు, ఎక్కుతూ దిగుతూ హంటింగ్ అవుతోంది. ట్యూబింగ్ పొడవే కారణమని నేనంటే మా ఇంజనీరు గారు ఒప్పుకోవడం లేదు. పీడనం ధ్వని వేగంతో పోతుందనీ, 150 మీటర్లకు అర సెకను చాలుననీ, లైను తప్పేమీ లేదనీ ఆయన అంటున్నారు. ఇద్దరిలో ఎవరిది సరి? 8 మిల్లీమీటర్ల ట్యూబింగ్ వేస్తే బాగుపడుతుందా?

జవాబు: మీ ఇంజనీరు గారి లెక్కలో తప్పు లేదు. అయితే ఆ లెక్క జవాబు చెబుతున్నది వేరే ప్రశ్నకు. 30 డిగ్రీల ఎండలో గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 349 మీటర్లు. కంట్రోలర్ దగ్గర పీడనం మారిందన్న కబురు 150 మీటర్ల అవతలి కొసకు అర సెకనులో చేరుతుందన్నది నిజమే. కానీ ఆ క్షణాన అక్కడికి చేరేది ఆ మార్పులో లేశమాత్రమే. వాల్వు కదలాలంటే దాని డయాఫ్రం (గాలి ఒత్తిడికి వంగి వాల్వును కదిపే పొర) మీద పీడనం నిజంగా పెరగాలి. పీడనం పెరగాలంటే అదనపు గాలి ముందు గొట్టమంతటా, ఆపైన డయాఫ్రం గదిలోనూ నిండాలి. ఆ గాలి అంతా 4 మిల్లీమీటర్ల సన్నని దారిలో, గోడల రాపిడికి ఎదురీదుతూ, కంట్రోలర్ వైపు నుంచే రావాలి. తూము ఎత్తారన్న కబురు ఆయకట్టు చివరి రైతుకు ఫోనులో క్షణంలో అందుతుంది. అతని మడి తడిసేది మాత్రం కాలువ పొడవునా నీరు నిండాకే.

ఈ నిండే కాలం పొడవుతో పాటు సమానంగా పెరగదు. గొట్టం పొడవు రెట్టింపు చేస్తే నింపవలసిన గాలి రెట్టింపవుతుంది, ఆ గాలి దాటవలసిన రాపిడి కూడా రెట్టింపవుతుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి గుణించుకుని కాలాన్ని నాలుగు రెట్లు చేస్తాయి. మీ లైను 40 నుంచి 150 మీటర్లకు, అంటే 3.75 రెట్లు పెరిగింది. దాని వర్గం 14. కొసన వాల్వు ఏదీ లేకుండా ఒక చిన్న గేజి మాత్రమే బిగించి ఉందనుకుంటే, కంట్రోలర్ దగ్గర చేసిన చిన్న మార్పులో 63 శాతం అవతలి కొసన కనబడడానికి 40 మీటర్ల లైనులో సెకనులో ఐదో వంతుకు లోపు, 150 మీటర్ల లైనులో సుమారు రెండున్నర సెకన్లు పడుతుంది. సిగ్నల్ మధ్యస్థాయిలో ఉన్నప్పటి గాలి సాంద్రతను, జిగటను తీసుకుని వేసిన లెక్క ఇది.

అసలు భారం ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. ఫీడ్ వాటర్ వాల్వు మీద ఉండే డయాఫ్రం గది చిన్నదేమీ కాదు. దాన్ని 3 లీటర్లు అనుకుందాం. మీ 150 మీటర్ల గొట్టం మొత్తం పట్టే గాలే 2 లీటర్లకు లోపు ఉంటుంది కనుక, గొట్టం కన్నా దాని కొసన వేలాడుతున్న గదే పెద్ద పాత్ర అన్నమాట. దాన్ని కూడా కలిపి లెక్కిస్తే పాత దూరంలో రెండుంపావు సెకన్లున్న ఆలస్యం కొత్త దూరంలో పదిన్నర సెకన్లు అవుతుంది. డయాఫ్రం దిగేకొద్దీ గది కూడా పెరుగుతుంది కనుక నిజానికి ఇంకా ఎక్కువే. మట్టం పడిపోయిందని కంట్రోలర్ గ్రహించి వాల్వును తెరవమంటే, ఆ మాట పూర్తిగా అందేసరికి డ్రమ్ములో పరిస్థితి మారిపోయి ఉంటుంది. ఆలస్యంగా తెరుచుకున్న వాల్వు అవసరం తీరాక కూడా నీరు పోస్తూనే ఉంటుంది. ఈసారి మూయమన్న మాట కూడా అంతే ఆలస్యంగా అందుతుంది. మీరు చూస్తున్న హంటింగ్ ఇదే. మీ మాటే సరి.

ఇంజనీరు గారికి చెప్పదగిన సంగతులు మరి రెండున్నాయి. 1687లో న్యూటన్ ధ్వని వేగాన్ని లెక్కించినప్పుడు, గాలి ఒత్తుకున్నా దాని ఉష్ణోగ్రత మారదని భావించాడు. అందువల్ల ఆయనకు వచ్చిన విలువ అసలు కన్నా 15 శాతం దాకా తగ్గింది. ఒత్తుకున్న గాలి వేడెక్కుతుందన్న సవరణను 1816లో లాప్లాస్ చేర్చి లెక్క సరిచేశాడు. విచిత్రమేమిటంటే మీ సన్న గొట్టంలో, నిదానంగా మారే సిగ్నల్ విషయంలో, న్యూటన్ పొరపాటే నిజమవుతుంది: గోడ అంత దగ్గరగా ఉన్నప్పుడు పుట్టిన వేడి అప్పటికప్పుడే గోడలోకి పోతుంది కనుక ఉష్ణోగ్రత మారదు, వేగం 349 కాక 295కు అటూ ఇటూగా ఉంటుంది. ఇది మీ హంటింగ్‌ను తేల్చే తేడా కాదు గానీ, ధ్వని వేగాన్నే పట్టుకుని వాదించే వారికి చెప్పడానికి పనికొస్తుంది.

రెండోది, ఈ వర్గపు నియమం గాలి గొట్టాలలో పుట్టింది కాదు. సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగలు వేయాలనుకున్న రోజుల్లో, తరువాత లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్, తీగ పొడవు పెరిగేకొద్దీ సంకేతం ఆ పొడవు వర్గానికి తగ్గట్టు మందగిస్తుందని 1850ల మధ్యలోనే హెచ్చరించాడు. 1858లో అట్లాంటిక్ అడుగున తొలి తీగ పడినప్పుడు విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం అవతలికి చేరడానికి 16 గంటలు పట్టింది. అక్కడ తీగ నిరోధం, ఇక్కడ గొట్టం రాపిడి. అక్కడ తీగలో నిండే విద్యుదావేశం, ఇక్కడ గొట్టంలో నిండే గాలి. రెండింటికీ సమీకరణం ఒకటే.

ఇక చికిత్స. 8 మిల్లీమీటర్ల ట్యూబింగ్, అంటే లోపల 6 మిల్లీమీటర్లు, వేస్తే రాపిడి ఐదో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే అది వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. గొట్టం పట్టే గాలి మాత్రం రెండుంపావు రెట్లవుతుంది. రెండూ కలిపి చూస్తే పదిన్నర సెకన్లు రెండున్నర, మూడు సెకన్ల దాకా దిగాలి, అంటే ఇంచుమించు మీ పాత స్థితికి చేరాలి. అయితే దానికొక షరతుంది. అంత గాలిని అంత త్వరగా పంపే శక్తి మీ కంట్రోలర్ లోపలి రిలేకు (లైనులోకి గాలి వదిలే వాల్వుకు) ఉండాలి. పాత కంట్రోలర్లలో రిలే మురికి పట్టి, దాని గాలి దారులు సగం మూసుకుపోయి ఉండడం అరుదేమీ కాదు. అలాంటప్పుడు గొట్టం లావు చేస్తే, బిందె పట్టే చోట డ్రమ్ము పెట్టినట్టే అవుతుంది. దారిలో ఎక్కడైనా సన్న రంధ్రమున్న ఫిట్టింగ్ ఒక్కటి మిగిలినా ఖర్చంతా వృథా.

నన్నడిగితే ట్యూబింగ్ జోలికి పోకుండా వాల్వు మీద పొజిషనర్ (సిగ్నల్ చెప్పిన చోటికి వాల్వును కదిపే పరికరం) బిగించుకొమ్మంటాను. పొజిషనర్‌కు దాని గాలి దానికి వేరే లైనులో వస్తుంది. మీ సిగ్నల్ లైను నింపవలసింది పొజిషనర్‌లోని చిన్న బెల్లోస్‌ను (ముడతల తిత్తిని) మాత్రమే. డయాఫ్రం గదిని నింపే బరువు పని పొజిషనర్‌ది. అప్పుడు మిగిలేది గొట్టం సొంత ఆలస్యం, సుమారు రెండున్నర సెకన్లు, దానికి తోడు పొజిషనర్ తీసుకునే కొద్ది సమయం. డ్రమ్ము మట్టానికి అది చాలు. ప్రవాహం వంటి చురుకైన లూపులకు మాత్రం పొజిషనర్ కన్నా వాల్వు దగ్గర 1:1 వాల్యూమ్ బూస్టర్ (సిగ్నల్ పీడనాన్నే ఎక్కువ గాలితో అందించేది) పెట్టడమే మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. మరో దారి కూడా ఉంది: కంట్రోలర్‌ను తిరిగి బాయిలర్ పక్కకే చేర్చి, కొత్త గదిలోకి మట్టం చూపే లైనును, సెట్ పాయింట్ (ఉండవలసిన మట్టం) లైనును మాత్రమే తెచ్చుకోవడం. ఆ రెండు లైన్లు ఆలస్యమైనా లూపు చెడదు. అంతవరకు కంట్రోలర్‌లో ప్రొపోర్షనల్ బ్యాండును వెడల్పు చేసి (అంటే తేడాకు స్పందనను తగ్గించి), రీసెట్‌ను (మిగిలిన తేడాను సవరించే వేగాన్ని) నిదానం చేస్తే హంటింగ్ తగ్గుతుంది, కానీ లోడు మారినప్పుడు మట్టం కోలుకోవడం కూడా ఆలస్యమవుతుంది.

ఏది చేసేముందైనా ఒక పరీక్ష చేయండి. బాయిలర్ నిలిపి ఉన్న రోజున వాల్వు దగ్గర టీ పెట్టి గేజి బిగించండి. ఒకరు కంట్రోలర్‌ను మాన్యువల్‌లో ఉంచి 9 నుంచి 10 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి పౌన్లు) ఒక్కసారిగా పెంచాలి. వాల్వు దగ్గర ఉన్నవారు ఫోనులోని స్టాప్‌వాచ్‌తో ముల్లు 9.6 (పైన చెప్పిన 63 శాతం ఇదే) దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. ఆ అంకె మీ ఇంజనీరు గారి ముందు పెడితే వాదన అవసరం ఉండదు.

ప్రశ్న: గూడ్సు గార్డుగా పనిచేసి విరమించి మౌలాలిలో ఉంటున్నాను. డ్రైవరు బ్రేకు వేసినప్పుడు వెనుక బ్రేక్ వ్యాన్‌లో గేజి ముల్లు కొద్ది క్షణాలలోనే దిగడం మొదలయ్యేది. బ్రేకు వదిలినప్పుడు మాత్రం ముల్లు తిరిగి పైకెక్కడానికి ఎంతో సేపు పట్టేది. ఒకే గొట్టం, ఒకే గాలి. పోవడానికి అంత తొందర, రావడానికి ఇంత నిదానం ఎందుకు?

జవాబు: రైలు బ్రేక్ పైపు గాలి సిగ్నల్ లైన్లన్నింటిలోకీ పెద్దది. బాక్స్‌ఎన్ (పైకప్పు లేని) వ్యాగన్లు 58 కలిపిన బండిలో 32 మిల్లీమీటర్ల గొట్టం దాదాపు 620 మీటర్లు సాగుతుంది. అందులో మామూలుగా చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనం ఉంటుంది.

1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ తెచ్చిన మొదటి గాలి బ్రేకులో, బ్రేకు పడాలంటే ఇంజనులోని గాలి గొట్టం పొడవునా ప్రయాణించి ప్రతి పెట్టె సిలిండరునూ నింపవలసి వచ్చేది. పై జవాబులోని 3 లీటర్ల డయాఫ్రం వంటివి ఎన్నో వరుసగా ఒకే గొట్టానికి తగిలించినట్టు ఊహించుకోండి. ముందు పెట్టెలు పట్టుకున్నాక చాలాసేపటికి గానీ వెనుక పెట్టెలు పట్టుకునేవి కావు, పైగా గొట్టం తెగితే బ్రేకే లేదు. 1872లో ఆయన ఆలోచనను తలకిందులు చేశాడు: గాలిని ముందుగానే ప్రతి పెట్టె కింద ఒక రిజర్వాయరులో నిల్వ ఉంచి, గొట్టంలో పీడనం తగ్గడాన్నే ఆజ్ఞగా మార్చాడు. అప్పటినుంచి గొట్టం మోసేది కబురునే. బ్రేకు వేసే బలం ప్రతి పెట్టె దగ్గరే ఉంది. జీడిమెట్ల పాఠకునికి నేను సూచించిన పొజిషనర్ చేసేదీ ఈ పనే.

అయినా సమస్య పూర్తిగా తీరలేదు. 1886లో, 1887లో అమెరికాలోని బర్లింగ్‌టన్ దగ్గర 50 పెట్టెల గూడ్సు బండ్లతో పరీక్షలు జరిపినప్పుడు, పీడనం తగ్గిందన్న కబురు వెనక్కి చేరేలోపే ముందు పెట్టెలు ఆగిపోయి వెనుకవి వాటిని గుద్దుకున్నాయి. దానికి విరుగుడుగా వచ్చిన త్వరిత చర్య వాల్వు, పీడనం తగ్గుతున్నట్టు కనిపెట్టిన వెంటనే తన పెట్టె దగ్గరే గొట్టంలోంచి కొంత గాలిని బయటికి తీసేస్తుంది. అంటే కబురు అందుకున్న ప్రతివారూ దాన్ని మళ్లీ బిగ్గరగా చెప్పి పక్కవారికి అందించినట్టు. మీ వ్యాగన్లలో పీడనం మార్పును బట్టి బ్రేకు వేసి వదిలే డిస్ట్రిబ్యూటర్ వాల్వులో కూడా ఆ ఏర్పాటు ఉంది. ఇలా ప్రతి వ్యాగన్ వద్ద బలం పుంజుకుంటూ రావడం వల్లనే కబురు గొట్టం రాపిడికి నీరసించకుండా ధ్వని వేగానికి దగ్గరగా ప్రయాణిస్తుంది. అత్యవసర బ్రేకు సెకనుకు కనీసం 250 మీటర్ల వేగంతో పాకాలని అంతర్జాతీయ రైల్వే ప్రమాణం కోరుతుంది. 620 మీటర్లకు రెండున్నర సెకన్లు. మీరు చూసిన ఆ కొద్ది క్షణాలు ఇవే.

బ్రేకు వదలడంలో ఈ సహాయం లేదు. గాలిని బయటికి వదలడం ఏ పెట్టె దగ్గరైనా సాధ్యమే. గాలిని లోపలికి నింపడం ఇంజను ఒక్కదానికే సాధ్యం. దారిలో ప్రతి వ్యాగన్ తన రిజర్వాయరును నింపుకోవడానికి ఆ గాలిలోనే వాటా తీసుకుంటుంది. అన్నీ తృప్తి పడ్డాక గానీ చిట్టచివరి బ్రేక్ వ్యాన్‌కు పూర్తి పీడనం దక్కదు. కనుక మీ ముల్లు దిగేటప్పుడు చూపింది కబురు వేగం, ఎక్కేటప్పుడు చూపింది నిండే వేగం.

2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడు గూడ్సు బండ్లను ఒకటిగా కలిపి, 177 వ్యాగన్లతో త్రిశూల్ అన్న పేరుతో నడిపింది. అంత పొడవైన బండిని ముందున్న ఇంజను ఒక్కటే గాలితో నింపాలంటే జరిగే పని కాదు. మధ్యలో ఉన్న ఇంజన్లకు ఆజ్ఞ రేడియో ద్వారా అందుతుంది. అవి తమ దగ్గర నుంచే గొట్టాన్ని ఖాళీ చేస్తాయి, నింపుతాయి. మీరు ఆ బండిలో ఉండి ఉంటే ముల్లు ఇంత విసిగించేది కాదు.

ప్రశ్న: బాలానగర్‌లో మాకొక చిన్న వర్క్‌షాపు ఉంది. కంప్రెసర్ ఒకే సిలిండరుది, నిమిషానికి 750 చుట్లు తిరుగుతుంది. దాని డెలివరీ లైను నుంచి అర అంగుళం పైపు 7 మీటర్లు లాగి గోడ మీద గేజి పెట్టాము. ముల్లు విపరీతంగా వణికి మూడు నెలలకొక గేజి పాడవుతోంది. అదే గేజిని కంప్రెసర్ దగ్గర పెడితే అంత వణుకు లేదు. దూరం పోయేకొద్దీ ఊపు తగ్గాలి కదా?

జవాబు: సన్నని, పొడవైన గొట్టంలో, నిదానమైన మార్పులకైతే మీరన్నట్టే ఊపు తగ్గుతుంది. మీది లావైన, పొట్టి గొట్టం. పైగా లోపల గాలి 7, 8 బార్ల పీడనంలో చిక్కగా ఉంది కనుక గోడల రాపిడి దాన్ని పెద్దగా ఆపలేదు. అందులో పీడనం అలలాగా పోయి, మూసి ఉన్న గేజి కొసను తాకి, వెనక్కి తిరిగి వస్తుంది. ఒక కొస మూసిన గొట్టం, తన పొడవుకు నాలుగు రెట్లున్న అలతో శ్రుతి కలుపుతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదినప్పుడు మోగేది ఇలాంటిదే.

లెక్క చూడండి. 750 చుట్లంటే సెకనుకు 12.5 తోపులు. 35 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు 352 మీటర్లు పోతుంది కనుక ఒక్కో అల పొడవు 28 మీటర్లు. అందులో నాలుగో వంతు సరిగ్గా 7 మీటర్లు. వెతికి వెతికి కొలిచి కోసినా ఇంత చక్కగా కుదరదు.

గొట్టాన్ని 2 మీటర్లకు తగ్గించండి. సగానికి, అంటే మూడున్నర మీటర్లకు మాత్రం కోయవద్దు. కంప్రెసర్ తోపులలో సెకనుకు 25 సార్లు వచ్చే రెండో శ్రుతి కూడా ఉంటుంది, మూడున్నర మీటర్ల గొట్టం దాన్ని పట్టుకుంటుంది. గోడ మీది గేజి అక్కడే ఉండి తీరాలనుకుంటే, డెలివరీ లైను నుంచి గొట్టం మొదలయ్యే చోట సన్న రంధ్రమున్న అడ్డు ఒకటి, గేజి ముందు స్నబ్బర్ (పీడనపు ఊపును అణిచే బిగింపు) ఒకటి పెట్టండి. వణుకు పోతుంది, సగటు పీడనం మాత్రం సరిగ్గానే కనబడుతుంది.

ప్రశ్న: మాసబ్ ట్యాంక్‌లో పాలిటెక్నిక్ చదువుతున్నాను. న్యూమాటిక్ సిగ్నల్ సున్నా నుంచి కాక 3 పీఎస్‌ఐ నుంచి 15 దాకా ఎందుకు ఉంటుంది? గొట్టం పొడవు పెరిగితే కొలతలో తప్పు వస్తుందా? విశాఖపట్నంలో క్యాలిబ్రేట్ చేసిన పరికరం ఇక్కడి ఎత్తులో తప్పు చూపుతుందా?

జవాబు: సున్నా అంటే కొలత సున్నా అనా, గొట్టం తెగిపోయిందనా, కంప్రెసర్ ఆగిపోయిందనా అన్నది తెలియదు. అడుగున 3 ఉంచితే, అంతకన్నా దిగిన క్షణాన ఏదో చెడిందని తెలిసిపోతుంది. మరో కారణం పరికరం లోపలే ఉంది: గాలి వదిలే నాజిల్‌కూ, దాని మూతి ముందు కదిలే ఫ్లాపర్ అనే రేకుకూ మధ్య ఎంత సందు ఇచ్చినా నాజిల్ వెనుక పీడనం పూర్తిగా సున్నాకు దిగదు, ఆ అడుగు భాగంలో సందుకూ పీడనానికీ ఉన్న సంబంధం సరళరేఖగా కూడా ఉండదు. అందుకే ఆ భాగాన్ని వదిలేశారు. మెట్రిక్ కొలతలో ఇదే 0.2 నుంచి 1 బార్, సరఫరా 1.4 బార్.

పొడవు వల్ల ఆలస్యమే గాని తప్పు రాదు. సిగ్నల్ లైను కొస మూసి ఉంటుంది కనుక అంతా సర్దుకున్నాక గాలి కదలిక ఆగిపోతుంది, కదలిక లేనిచోట రాపిడి లేదు, కాబట్టి రెండు కొసలా పీడనం ఒకటే. ఇది కారడం లేని లైనుకు మాత్రమే వర్తిస్తుంది. 4 మిల్లీమీటర్ల గొట్టం 100 మీటర్లుండి, చివరి ఫిట్టింగ్ దగ్గర నిమిషానికి ఐదో వంతు లీటరు గాలి కారుతుంటే అక్కడ 1 కిలోపాస్కల్, అంటే పూర్తి పరిధిలో ఒకటింపావు శాతం, ఎప్పటికీ తక్కువగానే కనబడుతుంది. అంత చిన్న లీకు చెవికి వినిపించదు, సబ్బు నీళ్లకు దొరుకుతుంది.

హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడి వాతావరణ పీడనం విశాఖ కన్నా 6 శాతం దాకా తక్కువ. కానీ ఈ పరికరాల బెల్లోస్‌కు ఒక పక్క సిగ్నల్, మరో పక్క చుట్టూ ఉన్న గాలి ఉంటాయి. అవి కొలిచేది ఆ రెండింటి తేడానే. దిద్దుబాటు అక్కరలేదు.

ప్రశ్న: పాశమైలారంలో మందుల ముడిపదార్థాలు తయారుచేసే యూనిట్‌లో పనిచేస్తున్నాను. ద్రావకాల ఆవిరి ఉండే చోటు కనుక గాలితో నడిచే పరికరాలే ఎక్కువ. వానాకాలం రాగానే కొన్ని వాల్వులు గట్టిపడినట్టు ఆలస్యంగా కదులుతున్నాయి. ట్యూబింగ్ విప్పితే నీటి చుక్కలు కనబడుతున్నాయి. గాలిలో తేమ ఎక్కువైనందున గొట్టంలో నీరు కట్టుకుంటోందని మా వారంటున్నారు. నిజమేనా?

జవాబు: నీరు వచ్చింది గాలిలోని తేమ నుంచే. అయితే అది నీరుగా మారింది మీ ట్యూబింగ్‌లో కాదు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి 30 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టుకోగలదు. వాన రోజున అంత తేమతోనే ఉన్న 8 ఘనమీటర్ల గాలిని కంప్రెసర్ ఒక ఘనమీటరుగా ఒత్తి, అది మళ్లీ 30 డిగ్రీలకు చల్లారితే, 240 గ్రాములలో 30 మాత్రమే ఆవిరిగా మిగులుతుంది. తక్కినదంతా నీరై రిసీవర్ అడుగున చేరాలి. అక్కడి నుంచి తేరిన గాలిని రెగ్యులేటర్ 1.4 బార్‌కు దించినప్పుడు గాలి వ్యాకోచించి దాని తేమ మూడో వంతుకు పడిపోతుంది. అలాంటి గాలి 10 డిగ్రీల దాకా చల్లారితే గాని గొట్టంలో నీరు కట్టదు. వానాకాలంలో పటాన్‌చెరు వైపు ఏ రాత్రీ అంత చలి పెట్టదు.

కాబట్టి సిగ్నల్ లైనులో నీరు కనబడిందంటే అది నీరుగానే అక్కడికి కొట్టుకొచ్చింది. రిసీవర్ అడుగున ఆటో డ్రెయిన్ ఇరుక్కుపోయిందేమో, డ్రయ్యర్ పనిచేస్తున్నదో లేదో, ప్రతి రెగ్యులేటర్ ముందున్న ఫిల్టర్ గిన్నెలో నీరు నిండి పొంగిపోతున్నదేమో చూడండి. తప్పు ఆ మూడింటిలో ఒకదాని దగ్గర ఉంటుంది.

సన్న గొట్టంలో నీటి చుక్క కూడా చిన్న విషయం కాదు. వేలాడిన చోట 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే, సిగ్నల్ దాన్ని పైకి నెట్టడానికే 1 కిలోపాస్కల్ పోతుంది. 4 మిల్లీమీటర్ల గొట్టంలో నీరు అడుగున పరుచుకోకుండా బిరడాలాగా అడ్డంగా నిలబడుతుంది. చిన్న మార్పులకు కదలదు, పెద్ద మార్పు వచ్చినప్పుడు ఒక్కసారిగా జరుగుతుంది. మీకు వాల్వు గట్టిపడినట్టు అనిపించడానికి కారణం వాల్వు కాకపోవచ్చు. లైన్లను వాల్వు వైపు విప్పి, పొడి గాలితో ఊది, వేలాడే చోట్ల క్లాంపులు బిగించి వాలు సరిచేయండి. ఊదేటప్పుడు పొజిషనర్‌ను లైను నుంచి తప్పించడం మరవవద్దు. లేకపోతే ఆ నీరంతా దాని నాజిల్‌లోకి చేరుతుంది.

ప్రశ్న: మెహదీపట్నంలో మా వీధి చివర టైర్లకు గాలి పట్టే కుర్రాడు, గొట్టం మధ్యలో ఉన్న గేజి 35 చూపగానే ఆపేస్తాడు. ఇంటికొచ్చి నా చిన్న గేజితో చూస్తే 31 ఉంటోంది. ఎవరి గేజి తప్పు?

జవాబు: రెండూ సరైనవే కావచ్చు. గాలి పారుతున్నంతసేపు గేజికీ టైరుకూ మధ్య ఉన్న గొట్టంలో, టైరు వాల్వు ఇరుకులో కొంత పీడనం ఖర్చవుతుంది; కనుక గేజి చూపేది టైరులో ఉన్నదానికన్నా ఎక్కువ. బంకులలోని డిజిటల్ యంత్రం మధ్యమధ్య ఆగి ఆగి నింపడానికి కారణం ఇదే, పారకం ఆపితే గాని అది కొలవలేదు. ఈసారి కుర్రాణ్ణి ట్రిగ్గర్ వదిలి రెండు సెకన్లు ఆగి గేజి చూడమనండి. అప్పుడు కూడా 35 చూపి, మీ గేజి అక్కడికక్కడే 31 చూపితే, రెండింటిలో ఒకటి మార్చవలసిందే.